మూడుసార్లు లెక్కపెట్టిన ఉద్యోగాలు

తిట్టే అత్తగారితో ఎలాగోలా కాపురం చేయవచ్చు. పొగిడే అత్తగారితో వేగడం మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

పెద్దకోడలి అత్తగారు మొన్నమొన్నటిదాకా చక్కగా తిట్టేది. కాఫీలో పంచదార ఎక్కువైందనేది, తక్కువైందనేది, సరిగ్గా సరిపోయిన రోజున కప్పు బాగా కడగలేదనేది. ఆ తిట్లకి ఒక వేళాపాళా ఉండేది. వాటి మధ్య పెద్దకోడలు హాయిగా తన పని తాను చేసుకునేది. అలాంటి మనిషి, కోడలు వృత్తి శిక్షణ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసరు అయిన దగ్గర్నుంచి పూర్తిగా మారిపోయింది. లాండ్రీ ఆవిడకి చెప్పింది, పాలు తెచ్చే అతనికి చెప్పింది, రాంగ్ నంబరుకి ఫోను చేసిన మనిషిని కూడా వదలకుండా అతని మేనల్లుడి చదువు వాకబు చేసి మరీ చెప్పింది: "మా పెద్దకోడలు ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం వచ్చినట్టే!" ఆ పొగడ్తలు వినీ వినీ, పాత తిట్ల కోసం మొహం వాచిపోయింది పెద్దకోడలు.

మరీ ముఖ్యంగా ఈ వారం రోజులుగా.

కిందటిసారి ఆమెను ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుండే ఉంటుంది. ఊరి బయట, హైవే పక్కన, పళ్ళూ మందులూ నిలవ ఉంచడానికి కొత్తగా కట్టిన పెద్ద కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర. కాలేజీలో ఏ కోర్సు పెట్టాలన్నా ముందు చుట్టుపక్కల కంపెనీలకి ఫోన్లు చేసి, ఎవరికి ఎంతమంది కావాలో అడిగి, కూడి చెప్పడం పెద్దకోడలి పని. చల్లదనం యంత్రాల మెకానిక్కులు కావాలని మూడు కంపెనీలు చెప్పాయి. యంత్రాలు బిగించేవాళ్ళు ఒకరు, వాటి మరమ్మతు కాంట్రాక్టు పుచ్చుకున్నవాళ్ళు ఒకరు, మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ ఒకటి. ఆమె మూడూ కూడింది. ఆ మొత్తం చూసి కాలేజీ కోర్సు పెట్టింది. ఉన్న పనులు మానుకుని జనం చేరారు. మొదటి బ్యాచ్ బయటికి రాకముందే రెండో బ్యాచ్ ప్రకటించేశారు. తీరా మొదటి బ్యాచ్‌లో చాలామందికి పిలుపు రాకపోయేసరికి ఆమె స్వయంగా కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. అక్కడి సూపర్‌వైజరు మర్యాదగా టీ ఇప్పించి, నవ్వుతూ అన్నాడు: "ఖాళీలన్నీ నిండిపోయాయి మేడమ్. వాళ్ళు ముగ్గురూ మీకు చెప్పింది మా దగ్గరి ఉద్యోగాలే కదా! ఉన్న ఖాళీలకే మనుషుల్ని చూడమని ముగ్గురికీ చెప్పాం."

అంటే ఉన్న ఉద్యోగాలనే ముగ్గురి నోటా విని, మూడుసార్లు లెక్కపెట్టింది పెద్దకోడలు. మొదటి బ్యాచ్‌లో ఏ కొద్దిమందికో పని దొరికింది. రెండో బ్యాచ్‌కి ఒక్కటంటే ఒక్కటీ లేదు.

ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రెండో బ్యాచ్ ఈ ఉదయమే మొదలు.

*

"వదినా, ప్రెస్సు ఓనరుకి ఎలా చెప్పమంటావు? రేపటి నుంచి రానని ఒక్క ముక్కలో తేల్చేయనా, కాస్త ఉపోద్ఘాతం ఏమైనా ఉండాలా?" అన్నాడు మరిది, ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చుని.

అతను చదువు ఆపేసిన నాటి నుంచీ ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడుపుతున్నాడు. ఎంత తోమినా గోళ్ళ కింద నల్లసిరా పోదు. ఆ ప్రెస్సులో ఒకరు లేస్తే ఆ స్టూలు మీద సాయంత్రానికల్లా ఇంకొకరు కూర్చుంటారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి అడగడానికేమీ మిగలదు. రెండో బ్యాచ్‌లో అతని పేరు రాయించింది అత్తగారు. "ఇంట్లో దీపం పెట్టుకుని చీకట్లో తడుముకుంటామా?" అని ఆవిడ వాదన. దీపం పెద్దకోడలన్నమాట.

"ఇవాళే చెప్పాలని ఏముంది? ఓ వారం సెలవు పెట్టి చూడరాదూ?" అంది పెద్దకోడలు, కూరగాయల కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా.

"భలేదానివే! పాత పని మానకపోతే మీ కాలేజీ రేపటి నుంచి నన్ను గేటు లోపలికి రానిస్తుందా? ఆ రూలు పెట్టింది మీరే కదా."

నిజమే. పగలు క్లాసు ఎగ్గొట్టి పాత పనికి పోతున్నారని, ఏదో ఒకటి తేల్చుకుని రావాలని కాలేజీ పెట్టిన రూలది. అప్పుడు పెద్దకోడలు కూడా తల ఊపింది.

"చూసేదేమిటే, చూసేది?" అత్తగారు అందుకుంది. "నీ మాట మీద వీధిలో వాళ్ళంతా ఎగిరి దూకుతుంటే, సొంత మరిదిని ఓ వారం ఆగమంటావా? వీడొక్కడికే మాట సాయం చేశావనుకుంటారని మొహమాటమా? అనుకోనీ. నేను చూసుకుంటా."

పెద్దకోడలు కత్తిపీట పక్కకి జరిపింది. చెప్పేద్దామనే అనుకుంది. మొదటి మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఇంకో కాఫీ ఉందా?" అని పేపరు వెనక నుంచి భర్త గొంతు వినబడింది.

కాఫీ ఉంది. ధైర్యమే లేదు. ఆమె లేచి గిన్నె స్టవ్వు మీద పెట్టింది. కాఫీ కాగి, భర్త చేతికి అందేసరికి మరిది చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగిపోయాడు.

*

కాలేజీ వరండాలో ఆమె గది బయట బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గుడ్డసంచీతో. ఏళ్ళ తరబడి స్కూలు వ్యాను నడిపిన మనిషి. పిల్లలంతా వ్యాన్ బాబాయ్ అనేవారు. మొదటి బ్యాచ్‌లో చేరాక తోటివాళ్ళకీ, చివరికి పాఠం చెప్పే మేష్టారికీ కూడా అదే పేరు అలవాటైపోయింది. వ్యాను ఇప్పుడు వేరొకరు నడుపుతున్నారు. పేరు మాత్రం ఈయన దగ్గరే ఉండిపోయింది.

ఆయన్ని చూడగానే పెద్దకోడలి కాళ్ళు వెనక్కి పోదామన్నాయి.

"ఒక్క నిమిషం మేడమ్. పని ఇప్పించమని అడగడానికి రాలేదు" అన్నాడు ఆయన, ఆమె బెదురు గ్రహించినట్టు. "ఈ బ్యాచ్‌లో నన్ను మళ్ళీ కూర్చోబెడతారా?"

"మళ్ళీనా? మీరు పాసయ్యారు కదండీ!"

"పాసైతే అయ్యాను. మన మేష్టారు మంచాయన, గట్టెక్కించారు. కంపెనీ వాళ్ళ కళ్ళు కప్పలేం కదా. ఏదో లోపం కనిపెట్టే ఉంటారు. మొన్న ఫోను చేసినప్పుడు మీరూ అన్నారు. చేతిపని ఇంకాస్త శుభ్రపడాలి, ఇంటర్వ్యూలో నదురూబెదురూ లేకుండా మాట్లాడాలి అని. అప్పటి నుంచీ రోజూ అద్దం ముందు నిలబడి మాట్లాడుతున్నా. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, 'ఎవరితో గొడవ పెట్టుకున్నావయ్యా?' అంటుంది."

తన మాటకి తనే నవ్వాడు. పెద్దకోడలికి నవ్వు రాలేదు. మొన్న అంటే, కోల్డ్ స్టోరేజీకి వెళ్ళివచ్చిన తరవాత. ఉద్యోగాలు లేవని తెలిసిన తరవాత. తెలిసి కూడా ఆయనతో ఆ మాటే అంది. ఆయనొక్కడితోనేనా? ఈ వారంలో ఎవరు ఫోను చేస్తే వాళ్ళకి అదే పాఠం అప్పజెప్పింది. ఒకరికి భయం ఎక్కువంది, ఒకరికి మాట నెమ్మదంది, ఒకరిని చొక్కా టక్ చేసుకోమంది. ఉద్యోగం లేదనే చిన్న మాటకి నోరు తిరగలేదు గానీ, లోపం నీలోనే ఉందనే మాట ఎంత సాఫీగా వచ్చేసిందో!

ఆయన సంచీలోంచి రాగిగొట్టాలు తీసి బల్ల మీద పేర్చాడు. అన్నీ తుక్కు షాపులో ఏరుకొచ్చిన ముక్కలు. ఒక్కోటీ ఇంకోదానితో అతికించినవి. చల్లదనం యంత్రంలో గ్యాసు తిరిగే గొట్టాలు ఇలాగే అతకాలి. అతుకులో సూది మోపినంత సందు ఉన్నా గ్యాసు పోతుంది.

"పెరట్లో అరువు తెచ్చిన గ్యాసుమంట టార్చితో చేశాను. ఒక కొస మూసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదితే ఎక్కడా గాలి రావట్లేదు. అయినా ఎక్కడో తప్పుంది. లేకపోతే ఎందుకు పిలవరు? ఎక్కడుందో మీకేమైనా తెలుస్తుందా మేడమ్?"

పెద్దకోడలు ఒక గొట్టం చేతిలోకి తీసుకుంది. ఈ పని ఆమెకి రాదు. కానీ క్లాసులు జరిగే షెడ్డులో మేష్టారు నమూనాగా గోడకి తగిలించిన అతుకులు రోజూ చూస్తూనే ఉంటుంది. ఇది వాటికంటే ఏమీ తీసిపోలేదు. అతుకు చుట్టూ సన్నటి గీత ఉంగరంలా నున్నగా తిరిగి ఉంది.

"బాగుందండీ" అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినబడలేదు.

"మీరు మొహమాటానికి అంటున్నారు" అన్నాడాయన, గొట్టాన్ని జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటూ. "నాకు వయసు మీద పడింది. వీలుంటే ఓ మూల కూర్చుంటా, లేకపోతే లేదు. మా బామ్మర్దిని తీసుకొచ్చాను, షెడ్డులో కూర్చున్నాడు. ఫర్నిచరు షాపులో పాలిష్ పని చేస్తాడు. నాకంటే చురుకు, గడగడా మాట్లాడతాడు. ఇవాళ్టితో ఆ పని మానేయమన్నా. వాడికి మాత్రం తప్పకుండా వస్తుంది, కదూ?"

"ఇప్పుడే వస్తా, ఇక్కడే ఉండండి" అని పెద్దకోడలు ప్రిన్సిపాల్ గదివైపు దాదాపు పరిగెత్తింది.

*

ప్రిన్సిపాల్‌కి కళ్ళజోడు తుడుచుకునే అలవాటు. మంచి వార్తకి ఒకసారి తుడుస్తాడు, చెడ్డ వార్తకి చివరిదాకా తుడుస్తూనే ఉంటాడు. పెద్దకోడలు చెప్పడం పూర్తయినా ఆయన చెయ్యి ఆగలేదు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"మంచి పని చేశారు. చూడండి, పని నేర్చుకోవడం ఎప్పటికీ వృథా పోదు. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో అడుగుతారు. ఈ సీట్లు ఖాళీగా ఉన్నాయనుకోండి, వచ్చే ఏడాదికి ఆ షెడ్డు మన చేతిలో ఉండదు. మేష్టారి ఉద్యోగం కూడా ఉండదు. ఆయనకి మాత్రం ఇల్లూ వాకిలీ లేవా?"

"బయట కూర్చున్న ఆయన, తనకి పని రాలేదని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటానంటున్నాడు సార్."

"కూర్చోనివ్వండి. మరీ అంత బాధపడకండి. మీరేమైనా కావాలని చేశారా? పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది."

పొరపాటు. ఆ మాట ఎంత మెత్తగా ఉంది! ఎండలో నడిచొచ్చిన మనిషికి కుర్చీ వేసినట్టుంది. పెద్దకోడలు దాని మీద కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది.

ఎందుకంటే ఆ మూడో ఫోను ఆమెకి బాగా గుర్తుంది. ఏజెన్సీ అతను తీరుబడిగా మాట్లాడే రకం. "మాకు కావాల్సింది హైవే పక్కన కొత్తగా కట్టారు చూడండి, ఆ..." అని అందుకున్నాడు. మొదటి ఇద్దరూ కూడా హైవే మాటే అన్నారు. ముగ్గురూ ఒకే చోటి సంగతి చెబుతున్నారా అని ఆమెకి చిన్న అనుమానం వచ్చింది. "ఏ చోటుకండీ?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆమె అడగలేదు సరికదా, అతని మాటకి అడ్డం వెళ్ళి, "సరేనండీ, సరే, ఎంతమంది కావాలి?" అంది. అతనొక అంకె చెప్పాడు. చక్కటి అంకె. అది కూడితే మొత్తం ఎంత ముచ్చటగా ఉందో!

ఆ మొత్తం చదివినప్పుడు మీటింగులో అందరూ బల్లలు చరిచారు. ఆ సాయంత్రం ఇంటికెళితే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి అత్తగారు తనే కాఫీ కలిపి చేతికిచ్చింది. పంచదార ఎక్కువైంది. కానీ ఎంత బాగుందో!

"సార్, అది పొరపాటు కాదేమో" అంది పెద్దకోడలు.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు పెట్టుకుని, గోడ గడియారం చూసి లేచాడు. "పదండి, అందరూ వచ్చేశారు. నాలుగు మంచి మాటలు చెప్పండి, చాలు. మిగతావి నెమ్మదిగా ఆలోచిద్దాం."

*

షెడ్డు గుమ్మంలోనే మరిది ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"చెప్పేశా వదినా! దారిలో ఉపోద్ఘాతమంతా కంఠస్థం చేసుకుని వెళ్ళానా, ఆయన 'సరే' అని మళ్ళీ కాగితాల కట్టలు లెక్కపెట్టుకోవడంలో పడిపోయాడు. ఇన్నేళ్ళ చాకిరీకి ఒక్క 'సరే'! పీడా వదిలింది."

"అప్పుడే చెప్పేశావా?"

"మరి? ఆలస్యం చేస్తే అమ్మ ఊరుకుంటుందా? అదిగో, లోపల చూడు."

చూసింది. కంప్రెసర్లు వరసగా పెట్టిన బల్లకి ఎదురుగా, మొదటి వరస మధ్య కుర్చీలో అత్తగారు. ఎవరూ పిలవలేదు. పక్కన లాండ్రీ ఆవిడ, ఆవిడ పక్కన లాండ్రీ ఆవిడ కొడుకు. తల్లే వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది. "అదుగో, మా పెద్దకోడలు" అని అత్తగారు గుసగుసలాడింది. ఆవిడ గుసగుస షెడ్డు చివరి వరసదాకా స్పష్టంగా వినబడుతుంది.

మరిది ఉద్యోగం పోయింది. ఇప్పుడు నోరు విప్పితే అతనికి కలిగే లాభం ఏమీ లేదు, అవమానం తప్ప. అదే ఊరుకుంటే? అతనికి మెల్లగా ఇంకెక్కడైనా చూడవచ్చు. ఇంట్లో విషయం ఇంట్లో ఉంటుంది. అత్తగారి కాఫీ చేతికి అందుతూనే ఉంటుంది.

ప్రిన్సిపాల్ స్వాగతం పలికి, రూళ్ళు చెప్పాడు. చివర్న అడిగాడు: "ఇంకా పాత పనిలోనే ఉన్నవాళ్ళెవరు? చేతులెత్తండి."

దాదాపు అందరి చేతులూ లేచాయి. సిమెంటు మరకల చేతులు, పాలిష్ పట్టిన చేతులు, గాజుల చేతులు. తలుపు దగ్గర వ్యాన్ బాబాయ్ నిలబడి, ఒక మూల కూర్చున్న బామ్మర్దివైపు చూసి, ఎత్తు ఎత్తు అని సైగ చేస్తున్నాడు.

"ఇవాళ సాయంత్రానికల్లా మీ పనులు మానేసి, రేపు పొద్దున్నే రావాలి. మీకేం భయం అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో మా ప్లేస్‌మెంట్ మేడమ్ చెబుతారు."

అందరికంటే ముందు అత్తగారు చప్పట్లు కొట్టింది.

పెద్దకోడలు మైకు అందుకుంది. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆమె వాటి వంకే చూస్తూ నిలబడింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు.

"ఎవరూ ఉన్న పని మానకండి" అంది.

మైకు కీచుమంది. ప్రిన్సిపాల్ చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది.

"కోల్డ్ స్టోరేజీలో ఖాళీలు లేవు. మూడు కంపెనీలు చెప్పిన ఉద్యోగాలు వేరువేరు కాదు, ఒకటే. నేను వాటిని మూడుసార్లు లెక్కపెట్టాను. కొద్దిమందికే పని ఉంది, అది కూడా అయిపోయింది. మొదటి బ్యాచ్‌లో పని రానివాళ్ళకి చేతిపని బాగా లేదని, మాట బాగా లేదని నేను చెప్పాను. అది అబద్ధం. వాళ్ళలో ఏ లోపమూ లేదు." ఆమె తలుపువైపు చూసింది. "బాబాయ్‌గారూ, మీ అతుకుల్లో ఎక్కడా తప్పు లేదు."

వ్యాన్ బాబాయ్ సంచీని గుండెకి దగ్గరగా పట్టుకున్నాడు.

మొదటి వరసలో లాండ్రీ ఆవిడ నెమ్మదిగా మెడ తిప్పి అత్తగారి మొహంలోకి చూసింది. అత్తగారు తన చేతుల వంక చూసుకుంటోంది. చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా విడిపోలేదు.

"పొరపాటు అండీ, చిన్న పొరపాటు, సరిదిద్దుకుంటాం" అంటూ ప్రిన్సిపాల్ మైకు కోసం చెయ్యి చాచాడు.

అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. మరిది లేచి నిలబడ్డాడు. గోళ్ళ కింద సిరా ఉన్న చేతులు రెండూ ముందు కుర్చీ వీపు మీద ఆనించాడు. పొద్దుటి నవ్వు తాలూకు గీతలు మొహం మీద ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచీ అతని నోట వదినా అనే పిలుపే తప్ప వేరే పిలుపు ఆమె వినలేదు.

"పొద్దున నేను ఇంట్లోంచి బయల్దేరేటప్పటికే మీకు తెలుసా, మేడమ్?"

ప్రిన్సిపాల్ తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దన్నట్టు. మైకు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. పెద్దకోడలు దాన్ని ఇవ్వలేదు.

"తెలుసు" అంది. "వారం నుంచీ తెలుసు. అంతకు ముందు, లెక్క వేసిన రోజునే అనుమానం వచ్చింది. అడిగితే అంకె తగ్గిపోతుందని అడగలేదు. ఇందులో పొరపాటు ఏమీ లేదు. తప్పు నాది. నేనే చేశాను."